ఊరికి నర్సు, వరదకు సన్నద్ధత: రెండింటికీ నిధులు ఎలా కూడగట్టాలి

2024 సెప్టెంబరు 1న విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట బుడమేరు వాగు నీటిలో మునిగాయి. మరునాడు ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. బ్యారేజీ చరిత్రలో అంతటి ప్రవాహం లేదు. పడవలు, హెలికాప్టర్లు, డ్రోన్లు అన్నం, నీళ్లు మోసుకొచ్చాయి. అవన్నీ బయటి నుంచి రావలసినవి, వచ్చేసరికి కొంత సమయం పట్టేవి. వరద తాకిన మొదటి పూట ఊరికి కావలసింది ఇంటింటి సంగతి తెలిసిన ఆరోగ్య కార్యకర్త. ఏ ఇంటి గర్భిణికి నెలలు నిండాయి, ఎవరికి డయాలసిస్ తప్పకూడదు, కరెంటు పోతే ఎవరి ఇన్సులిన్ పాడవుతుంది అన్నది ఆమెకు కాగితం చూడకుండానే తెలుస్తుంది.

ఆమె ఊళ్లో ఉండాలంటే మామూలు రోజుల్లో ఆమె జీతం సమయానికి అందాలి. మన జిల్లాల్లో భవనం కట్టిస్తామనే దాతలు దొరుకుతారు, శిలాఫలకం మీద పేరు ఉంటుంది కనుక. నెలనెలా జీతం ఇస్తామనేవారు అరుదు. ఆరోగ్య సిబ్బందికి ఒక చందా, విపత్తు సన్నద్ధతకు మరొక చందా అని విడివిడిగా తిరగకుండా, రెండింటినీ ఒకే ప్రణాళికగా రాసి ఒకే బడ్జెట్‌తో అడగండి. ఇచ్చేవారికి అర్థమవుతుంది, ఊరికీ మిగులుతుంది. కొల్లిపర, దుగ్గిరాల, తుళ్లూరు, తాడేపల్లి మండలాలైనా, ఇటు ఇబ్రహీంపట్నం, జి.కొండూరు, విజయవాడ రూరల్ అయినా, ఈ పనిని సర్పంచి, వార్డు సభ్యులు, డ్వాక్రా సంఘం నాయకురాలు, ఊరి యువకులు ఎవరైనా మొదలుపెట్టవచ్చు.

మొదటి పని: ఖాళీ ఎలాంటిదో తేల్చుకోండి

"మా ఊళ్లో నర్సు లేదు" అన్న మాట వెనుక మూడు వేర్వేరు పరిస్థితులు ఉండవచ్చు. పోస్టు మంజూరై ఉండి ఖాళీగా ఉండవచ్చు. పోస్టులో మనిషి ఉండి, డిప్యుటేషన్ మీద వేరే చోట పనిచేస్తూ ఉండవచ్చు. అసలు పోస్టే మంజూరు కాకపోయి ఉండవచ్చు. ఈ మూడింటికీ మందు ఒకటి కాదు. మొదటి రెండింటికి కావలసింది అర్జీ, పట్టుదల. మూడో దానికి మాత్రమే చందా.

మైదాన ప్రాంతంలో 5,000 మంది జనాభాకు ఒక ఉపకేంద్రం, 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) ఉండాలన్నది జాతీయ ప్రమాణం. మన రాష్ట్రంలో విలేజ్ క్లినిక్‌గా మొదలై ఇప్పుడు ఆయుష్మాన్ ఆరోగ్య మందిరంగా పిలుస్తున్న ఉపకేంద్రంలో మధ్యస్థాయి ఆరోగ్య కార్యకర్త (ఎంఎల్‌హెచ్‌పీ), సహాయక నర్సు (ఏఎన్ఎం), ఆశా కార్యకర్తలు పనిచేస్తారు. మీ పీహెచ్‌సీలో మంజూరైన పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని, డిప్యుటేషన్లు ఎన్ని, ఎప్పటి నుంచి అన్న నాలుగు ప్రశ్నలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయి కార్యాలయంలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు.

ఆ కాగితం చేతికి వచ్చాక, కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. ఒక ప్రతి జిల్లా వైద్యారోగ్యాధికారికి (డీఎంహెచ్‌వో) ఇచ్చి ముద్ర వేయించుకోండి. డాక్టరు పీజీ సీటు కోసం ఇన్‌సర్వీస్ కోటాలో వెళ్లబోతున్న సంగతి కొన్ని నెలల ముందే తెలుస్తుంది. ఖాళీ ఏర్పడేదాకా ఆగకుండా అప్పుడే ప్రత్యామ్నాయం అడగాలి.

ఒక హెచ్చరిక. మంజూరైన పోస్టు ఖాళీగా ఉంటే దాన్ని చందాలతో నింపవద్దు. ఒక్కసారి ఊరు జీతం ఇవ్వడం మొదలుపెడితే ఆ ఖాళీ ఇక ఎవరికీ ఖాళీగా కనిపించదు. ప్రభుత్వం పన్నులతో ఇవ్వవలసిన జీతాన్ని మీ ఊరి పేదలు రెండోసారి ఎందుకు చెల్లించాలి? చందా డబ్బు మంజూరు లేని చోటికే వెళ్లాలి: సాయంత్రం వేళ క్లినిక్‌కు అదనపు నర్సు, లంకలోని శివారు పేటకు ఒక ఆరోగ్య సహాయకురాలు, వానాకాలం నాలుగు నెలలకు అంబులెన్సు డ్రైవరు.

రెండో పని: మీ ఊరి ప్రమాదం ఏది?

కృష్ణ ఒడ్డున ఉన్న ఊరికీ బుడమేరు పక్కన ఉన్న ఊరికీ దక్కే సమయం ఒకటి కాదు. కృష్ణ వరద పైనుంచి శ్రీశైలం, సాగర్, పులిచింతల దాటుకుంటూ వస్తుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర ప్రవాహం 3.97 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు చేరితే రెండోది ఇస్తారు. లంక గ్రామాలకు సర్దుకునే వ్యవధి కొంతైనా ఉంటుంది. బుడమేరు అలా కాదు. మైలవరం వైపు కొండల్లో కుండపోత వాన పడితే వెలగలేరు మీదుగా నీరు వేగంగా దిగుతుంది, గట్టు తెగితే చెప్పిరాదు. తుళ్లూరు, తాడేపల్లి వైపు కొండవీటి వాగు సంగతి వేరు: కృష్ణ నిండుగా ఉంటే వాగు నీరు నదిలో కలవలేక వెనక్కి తన్నుతుంది. ఉండవల్లి దగ్గర ఎత్తిపోతల పథకం కట్టింది అందుకే.

మీ ఊరికి ఏది వర్తిస్తుందో గ్రామసభలో పెద్దవాళ్లను అడిగి రాసుకోండి. ఏ సంవత్సరం నీరు ఎంతవరకు వచ్చింది, ఏ దారి ముందు మునిగింది, పీహెచ్‌సీకి వెళ్లే రోడ్డు ఎక్కడ తెగింది, ఏ బడి మెట్ల మీదకు నీరు రాలేదు. ఈ వివరాల ముందు ఏ పటం సాటిరాదు.

ఆ తర్వాత ఆశా, ఏఎన్ఎంలతో కలిసి ఇళ్ల జాబితా తయారుచేయించండి: వచ్చే రెండు నెలల్లో ప్రసవ తేదీ ఉన్న గర్భిణులు, డయాలసిస్, ఇన్సులిన్, క్షయ, మూర్ఛ, మానసిక వ్యాధుల మందులు వాడేవారు, ఆక్సిజన్ మీద ఉన్నవారు, మంచం దిగలేనివారు. నెలకొకసారి సరిచూడాలి. ఈ జాబితా ఏఎన్ఎం, పీహెచ్‌సీ డాక్టరు దగ్గరే ఉండాలి. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకూడదు. ఒకరి జబ్బు ఊరంతటికీ తెలియడం అన్యాయం, పెళ్లిళ్లు చెడిపోతాయన్న భయంతో జనం మరుసటి ఏడాది వివరాలు చెప్పరు.

మూడో పని: లెక్క రాయండి

దాతను కలిసే ముందు ఒక్క పేజీ లెక్క సిద్ధంగా ఉండాలి. ఉదాహరణకు ఒక నర్సుకు నెలకు 20,000 రూపాయలు అనుకుందాం. ఏడాదికి 2,40,000. దీన్ని బ్యాంకులో మూలధనం వేసి వడ్డీతో ఇద్దామని చాలామంది అంటారు. 6.5 శాతం వడ్డీకి దాదాపు 37 లక్షలు కావాలి. అంత పోగయ్యేదాకా ఊరు నర్సు లేకుండా ఉండవలసిందే. అదే 100 కుటుంబాలు నెలకు 200 రూపాయల చొప్పున వేసుకుంటే ఆ జీతం ఈ నెలే మొదలవుతుంది. మూలధనం తర్వాత నెమ్మదిగా పెంచుకోవచ్చు.

జీతంతో పాటు మరో నాలుగు ఖర్చులు రాయండి: ఆమె ఇంటి అద్దె, శిక్షణ, వరద సరుకు, మూడు నెలల జీతానికి సరిపడే నిల్వ. ఈ చివరిది లేకుండా ఎవరినీ ఉద్యోగంలోకి తీసుకోవద్దు. విరాళం ఆలస్యమైతే ఆ భారం ఆమె ఇంటి మీద పడకూడదు.

నాలుగో పని: ఏ డబ్బు దేనికి పనికొస్తుందో తెలుసుకుని అడగండి

ఎక్కువ ఊళ్లు దెబ్బతినేది ఇక్కడే. పనికిరాని చోట అడిగి, లేదనిపించుకుని నీరసపడతారు.

పంచాయతీ నిధులతో మొదలుపెట్టండి. రాజ్యాంగం 11వ షెడ్యూలులోని 29 అంశాల్లో ఆరోగ్యం, పారిశుద్ధ్యం, ఆస్పత్రులు, పీహెచ్‌సీలు 23వ అంశం. 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం పంచాయతీల గ్రాంట్లలో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికి కట్టిపెట్టి, 40 శాతాన్ని స్థానిక అవసరాలకు వదిలింది. ఆ 40 శాతంతోనూ జీతాలు ఇవ్వకూడదని షరతు పెట్టింది. 2026 ఏప్రిల్ నుంచి 16వ ఆర్థిక సంఘం కాలం. మీ పంచాయతీకి వర్తించే తాజా ఉత్తర్వును కార్యదర్శి దగ్గర అడిగి చూడండి. ఆ షరతు మారిందని తేలేదాకా పంచాయతీని నర్సు జీతం అడగవద్దు. బోరు గట్టును వరద మట్టానికి పైకి లేపడం, నీటి పథకానికి జనరేటరు, క్లోరినేషన్, క్లినిక్‌కు ర్యాంపు, సౌర దీపాలు అడగండి. ఇవి గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఉంటేనే బిల్లు అవుతుంది. ఆ ప్రణాళిక కసరత్తు ఏటా అక్టోబరు 2న మొదలవుతుంది. ఆ గ్రామసభలో మీ పేజీ చదివించి తీర్మానంలో రాయించకపోతే ఏడాది పోయినట్లే. పాలకవర్గం లేని కాలమైతే ప్రత్యేకాధికారికి ఇదే కాగితం ఇవ్వండి.

తర్వాత జాతీయ ఆరోగ్య మిషన్ నిధులు. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీకి ఏటా 10,000 రూపాయలు, ఆరోగ్య మందిరంగా మారిన ఉపకేంద్రానికి 50,000, పీహెచ్‌సీకి 1,75,000 చొప్పున షరతులు లేని నిధి ఇవ్వాలని నిబంధన. ఉపకేంద్రం స్థాయిలో జన ఆరోగ్య సమితికి సర్పంచే అధ్యక్షుడు. చాలా ఊళ్లలో ఆ అధ్యక్షుడికే తన పదవి సంగతి తెలియదు. సమితిని సమావేశపరచి, నిరుటి ఖర్చు పుస్తకం చూసి, ఈ ఏడాది అందులో కొంత భాగం క్లోరిన్ బిళ్లలు, ఓఆర్ఎస్, టార్చిలైట్లు, నీళ్లు తగలని మందుల పెట్టెలకు కేటాయించండి.

విపత్తు నిధులు జిల్లా చేతిలో ఉంటాయి. 15వ ఆర్థిక సంఘం రాష్ట్ర విపత్తు నిధిలో 80 శాతాన్ని స్పందనకు, 20 శాతాన్ని ముప్పు తగ్గింపునకు విడదీసింది. స్పందనకు ఇచ్చిన ఆ భాగంలోనే, మొత్తం నిధిలో 10 శాతం సన్నద్ధతకు, శిక్షణకు. ఊరు నేరుగా తీసుకోలేదు కానీ కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా విపత్తు నిర్వహణ సంస్థకు లేఖ రాసి శిక్షణ అడగవచ్చు. మనకున్న అదృష్టం ఏమిటంటే, జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్) 10వ బెటాలియన్ గన్నవరం దగ్గర కొండపావులూరులోనే ఉంది. వరద లేని కాలంలో వాళ్లు గ్రామాలకు, బడులకు వచ్చి తాళ్లు, ఖాళీ డబ్బాలతో తెప్ప కట్టడం నుంచి గుండె ఆగినవారికి చేసే ప్రథమ చికిత్స (సీపీఆర్) దాకా నేర్పుతారు. మీ లేఖలో తేదీలు, హాజరయ్యేవారి సంఖ్య, స్థలం రాసి ఉంటే పని తొందరగా అవుతుంది. విపత్తు వేళ సాయపడే స్వచ్ఛంద కార్యకర్తలను తయారుచేసే ఆపద మిత్ర శిక్షణకు మీ యువకుల పేర్లు కూడా అదే లేఖలో ఇవ్వండి. ఆశా, ఏఎన్ఎం, అంగన్‌వాడీ కార్యకర్తలను ఆ శిక్షణలో కూర్చోబెట్టాలని అడగడం మరవద్దు.

ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు, శాశ్వత ఆస్తులకు మాత్రమే. అంబులెన్సు అడగవచ్చు. డ్రైవరు జీతం, డీజిలు ఎవరిదో తేల్చకుండా అడిగితే రెండేళ్లకు అది క్లినిక్ వెనుక చెట్టు కింద ఉంటుంది.

జీతానికి పనికొచ్చే డబ్బు రెండు చోట్ల దొరుకుతుంది: కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధి, మన ఊరి మనుషులు.

కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవరు 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కదానికి చేరినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు వెచ్చించాలి. ఏడో షెడ్యూలులో ఆరోగ్యమూ ఉంది, విపత్తు నిర్వహణా ఉంది. మీ ప్రణాళిక రెండింటికీ సరిపోతుంది కనుక దరఖాస్తులో ఆ రెండు అంశాలనూ పేర్కొనండి. చట్టం కంపెనీ పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇమ్మంటుంది. కాబట్టి మీకు పాతిక కిలోమీటర్ల లోపల ఫ్యాక్టరీ, గోదాము, ప్లాంటు ఉన్న కంపెనీలనే ముందు కలవండి. "కొనసాగే ప్రాజెక్టు"గా రాస్తే మొదలైన సంవత్సరం కాక మరో మూడేళ్లు నడపవచ్చు. ప్రాజెక్టులో పనిచేసే నర్సు జీతం ప్రాజెక్టు ఖర్చే. మొదటి ఏడాది కంపెనీ మొత్తం భరించి, రెండో ఏడాది ముప్పాతిక భాగం, మూడో ఏడాది సగం ఇస్తే మిగతాది ఊరు కలిపేలా దరఖాస్తులోనే రాయండి. తాము వెళ్లిపోయాక పని ఆగిపోతుందన్నదే వాళ్ల భయం. ఆ భయానికి మీ దగ్గర జవాబు ఉండాలి.

ఇక మన మనుషులు. ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల్లో చాలా ఊళ్ల పిల్లలు అమెరికాలో ఉన్నారు. అక్కడే ఒక చిక్కు ఉంది, జాగ్రత్తగా చదవండి. విదేశంలో ఉన్నా భారత పాస్‌పోర్టు ఉన్న వ్యక్తి తన సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కింద రాదు. అదే మనిషి అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఆ డబ్బు విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి లేని సంఘం దాన్ని ముట్టుకోకూడదు. మంచి ఉద్దేశంతో వచ్చిన డబ్బే సంఘాన్ని కేసుల్లో పడేస్తుంది. ప్రతి దాత నుంచి పౌరసత్వం తెలిపే ఒక్క వాక్యం రాయించుకుని, పాస్‌పోర్టు మొదటి పేజీ నకలు దాచండి. పౌరసత్వం మారినవారు అనుమతి ఉన్న సంస్థ ద్వారా ఇవ్వవచ్చు. ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల ఖాతాలోకి పంపి అక్కడి నుంచి సంఘానికి మళ్లించే అడ్డదారి మాత్రం వద్దు.

ఊళ్లో వసూలు పంటను బట్టి చేయండి. లంకల్లో కంద, అరటి, పసుపు అమ్ముడయ్యే వేళలు వేరు, మెట్టలో మిర్చి యార్డుకు వెళ్లే వేళ వేరు. నెలనెలా ఇవ్వలేని రైతు ఏడాది మొత్తాన్ని పంట చేతికి వచ్చాక ఒకేసారి ఇస్తాడు. కూలి చేసుకునేవారి నుంచి డబ్బు తీసుకోవద్దు. వాళ్లు శిక్షణకు వచ్చి ఇచ్చే ఒక రోజే చందాగా చాలు.

ఐదో పని: డబ్బుకు ఇల్లు, మనిషికి ఇల్లు

జన ఆరోగ్య సమితి, పీహెచ్‌సీ అభివృద్ధి కమిటీ విరాళాలు తీసుకోగలవు. సరుకు కొనడానికి అది చాలు. నర్సును నియమించాలంటే మాత్రం ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 కింద చిన్న సంఘం పెట్టుకోవడం మేలు. కంపెనీ డబ్బు కావాలంటే 12ఏ, 80జీ అని అందరూ పిలిచే ఆదాయపు పన్ను నమోదులు, సీఎస్ఆర్-1 నమోదు కావాలి. ఒక చార్టర్డ్ అకౌంటెంటును మొదటి రోజే కలవండి. ఇద్దరి సంతకాలతో ఖాతా, అందులో ఒకరు మహిళ. నగదు వద్దు.

ప్రభుత్వ క్లినిక్‌లో మీ మనిషి పనిచేయాలంటే డీఎంహెచ్‌వో రాతపూర్వక అనుమతి తప్పనిసరి. ఆమె ఎవరి పర్యవేక్షణలో, ఏ వేళల్లో, ఏ పనులు చేయాలి, ఏవి చేయకూడదు అన్నది అందులో ఉండాలి. రాష్ట్ర నర్సుల కౌన్సిల్ నమోదు చూడకుండా ఎవరినీ తీసుకోకండి. తెల్ల కోటు వేసుకున్న ప్రతివారూ నర్సు కాదు.

పల్లెలో సిబ్బంది నిలవకపోవడానికి తక్కువ జీతం ఒక్కటే కారణమని అనుకుంటాం. తాళం సరిగ్గా పడే ఇల్లు, మరుగుదొడ్డి, పిల్లల బడికి బస్సు, రాత్రి పిలుపు వస్తే తోడు వచ్చే మనిషి, ఒకటో తేదీన జీతం. ఇవి ఉన్న ఊళ్లో నర్సు ఉంటుంది. మీ ఊరి అమ్మాయే నర్సింగ్ డిప్లొమా (జీఎన్ఎం) చదివి విజయవాడలోనో గుంటూరులోనో ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేస్తూ ఉందేమో ముందు కనుక్కోండి. ఊళ్లో తాళం వేసి ఉన్న ఇళ్లు ఎన్నో. విదేశాల్లో ఉన్న దాతను డబ్బు కంటే ముందు ఆ ఇంటి తాళం చెవి అడగండి, చాలామంది ఇస్తారు.

ఆరో పని: మే నెలలో కసరత్తు

నైరుతి రుతుపవనాలకు ముందు ఒక రోజంతా వరద వచ్చినట్లే నడపండి. ఉదయం హెచ్చరిక, మైకు, జాబితాలోని ఇళ్లకు మనుషులు, గర్భిణులకు వాహనం, మంచం పట్టినవారికి స్ట్రెచరు. ప్రసవ తేదీ దగ్గరున్నవారిని నీరు రాకముందే పెద్దాసుపత్రి దగ్గరకు చేర్చే ఏర్పాటు కాగితం మీద ఉండాలి.

అదే రోజు పీహెచ్‌సీలో పాముకాటు మందు ఎన్ని వయల్స్ ఉంది, గడువు ఎప్పటిదాకా అని అడిగి రాసుకోండి. నీరు ఎక్కితే పాములు గట్ల మీదకు, ఇళ్లలోకి వస్తాయి. టీకాల ఫ్రిజ్ నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది, కరెంటు పోతే ఏమిటి దారి అన్నది చూడండి. వరద తగ్గాక అసలు జబ్బులు మొదలవుతాయి. విరేచనాలు, కామెర్లు, ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్, పది పదిహేను రోజులకు దోమల జ్వరాలు. నీటిలో క్లోరిన్ మిగులు పరీక్షించే చిన్న కిట్టు ఆశా దగ్గర ఉండాలి. కొళాయి చివర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు కనిపించాలి. 112, 108తో పాటు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ 1070 నంబరు ప్రతి ఇంటి గోడ మీద రాయించండి. ఫోను తడిసినా గోడ చదవవచ్చు.

ఏడో పని: లెక్క చూపి మళ్లీ అడగడం

మూడు నెలలకొకసారి ఒక్క పేజీ లెక్కను సచివాలయం నోటీసు బోర్డు మీద అంటించండి. వచ్చింది, ఖర్చయింది, నిల్వ, నర్సు చూసిన రోగుల సంఖ్య, బీపీ, షుగరు మందులు క్రమంగా తీసుకుంటున్నవారి సంఖ్య. ఖర్చు తప్పుగా అయితే అదీ రాయండి. పోస్టుల ఖాళీల కాగితం కూడా పక్కనే ఉండాలి, ప్రభుత్వాన్ని అడగడం ఆపలేదని అందరికీ తెలియడానికి. మంజూరు లేని పోస్టు కోసం మీ రోగుల రిజిస్టరు నకలుతో ఏటా మళ్లీ అర్జీ పెట్టండి. మంజూరు వచ్చిన రోజున మీ చందా డబ్బు తర్వాతి పేటకు మళ్లుతుంది.

సంక్రాంతికి దూరాన ఉన్నవాళ్లంతా ఊరికి వస్తారు. భోగి మరునాటి హడావిడిలో కాకుండా, కనుమ తర్వాత తిరుగు ప్రయాణానికి ముందు ఒక సాయంత్రం క్లినిక్ ఆవరణలో కుర్చీలు వేయండి. నర్సును మాట్లాడనివ్వండి. వచ్చే ఏడాది జీతానికి ఎంత తక్కువ పడుతుందో అంకె చెప్పి, బ్యాంకు నుంచి నెలనెలా డబ్బు దానంతట అదే జమయ్యే ఆదేశ పత్రాల మీద సంతకాలు అక్కడే చేయించుకోండి.